వీసీ ఏ ఊరు?

కొంతకాలం క్రితం భూమి కాగితాల పనిమీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్ళవలసి వచ్చింది. అది ఏ కార్యాలయమో ఇక్కడ అప్రస్తుతం. వరండాలో నాకంటె ముందే వచ్చి కూర్చున్న ఒక ముసలమ్మ, అటుగా పోతున్న బంట్రోతును పిలిచి "సారు వచ్చిండా బిడ్డా?" అని అడిగింది. "సారు వీసీల ఉన్నడమ్మా, టైం పడ్తది" అన్నాడతడు. ఆమె కొంచెంసేపు ఆలోచించి "గదే ఊరు? ఎంత దూరముంటది?" అన్నది.

వరండాలో ఉన్నవాళ్ళమందరం నవ్వాము. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చిన తరువాత మాత్రం, ఆమె అడిగినదానిలో నవ్వవలసినది ఏమీ లేదనిపించింది. అధికారి పక్క గదిలోనే ఉన్నాడు. తలుపుకూ ఆమెకూ మధ్య పది అడుగులు. అయినా అతడు ఆమెకు హైదరాబాదంత దూరంలో ఉన్నాడు. ఈ వీసీ అనే ఊరు మన ప్రాంతంలో ఎప్పుడు, ఎట్లా వెలసిందో వ్రాద్దామని అప్పుడే అనుకున్నాను.

వీసీ అంటే వీడియో కాన్ఫరెన్సు. దూరదృశ్య సమావేశమని తెలుగు చేసినవారున్నారు కాని, కార్యాలయాలలో రెండక్షరాల వీసీయే స్థిరపడింది. పండిత శిక్షణలో నేర్చిన పాఠం ఒకటి ఇక్కడ గుర్తుకు వస్తున్నది. కంటికి దగ్గరగా ఉన్నది సమక్షం, కంటికి ఎదుట ఉన్నది ప్రత్యక్షం, కంటికి ఆవల ఉన్నది పరోక్షం. మూడింటిలోనూ అక్షి, అనగా కన్నే కొలబద్ద. కన్ను చూస్తున్నది గాని మనిషి ఎదుట లేడు అనే స్థితికి పూర్వులు పదం చేసి పెట్టలేదు. వారికి ఆ అవసరం రాలేదు.

జనగామకు అధికారి సమక్షం ఏనాడూ సులభం కాదు. 1865లో సాలార్‌జంగు జిల్లాబందీ చేసిన తరువాత నిజాం రాజ్యంలో జిల్లాకు పెద్ద అవ్వల్ తాలూక్‌దారు, అంటే నేటి కలెక్టరు. జనగామ తాలూకా చాలాకాలం నల్లగొండ జిల్లాలో ఉండి, ఆ పిమ్మట వరంగల్లులో చేరింది. హైదరాబాదుకూ కాజీపేటకూ పోయే రైలు ఊరి మధ్యనుండే పోతుంది. నల్లగొండకు పోవాలంటే మాత్రం ఆ పట్టాలు పనికి రావు. కనుక ప్రజలు అధికారి దగ్గరకు పోవడంకంటె, అధికారి ప్రజల దగ్గరకు రావడమే ఆనాటి పద్ధతి. దానినే దౌరా అనేవారు.

దౌరాను తలచుకొని ఆ రోజులే బాగుండేవనేవారు కొందరున్నారు. నేను అనలేను. అధికారి దౌరాకు వచ్చాడంటే ఊళ్ళో వెట్టి మొదలయ్యేది. బండ్లు కట్టేవారు, సామాను మోసేవారు, కోళ్ళూ గొర్రెలూ నెయ్యీ సమకూర్చేవారు అందరూ నిరుపేదలే. ఆ సమక్షానికి ధర చెల్లించినది వారే. ఈ జనగామ తాలూకాలోని కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పోరాటంలో వెట్టి ఒక ముఖ్యమైన కారణమని మరువరాదు. తెరమీది అధికారి కోడిని అడగడు. ఆ మేరకు వీసీయే మేలు.

పిమ్మట ప్రభుత్వమే కొంత దగ్గరకు జరిగింది. 1984లో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయింది. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాల స్థానంలో మండలాలను ఏర్పరచింది. రెండు మూడు గంటల నడకలో ఒక కార్యాలయం వచ్చింది. ఇది నేలమీద దూరాన్ని తగ్గించిన పని.

తెరమీద దూరాన్ని తగ్గించే పని చంద్రబాబు నాయుడు కాలానిది. అంతకుముందు కలెక్టర్ల సమావేశమంటే ఇరవై మూడు జిల్లాల కార్లు హైదరాబాదు చేరవలసిందే. 1999 ప్రాంతంలో ఆప్‌స్వాన్ అనే ప్రభుత్వ యంత్రజాలం సచివాలయాన్ని జిల్లా కేంద్రాలతో కలిపింది. దాని సామర్థ్యం సెకనుకు 2 మెగాబిట్లు. నేడు మనుమడి చేతిలోని ఫోను అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. కాని ఆనాడు ముఖ్యమంత్రి ఒక గదిలో కూర్చొని శ్రీకాకుళం కలెక్టరునూ ఆదిలాబాదు కలెక్టరునూ ఒకేసారి ప్రశ్నించడం దేశమంతా చెప్పుకొన్న వింత. పత్రికలలో ఆ ఫోటోలు తరచుగా వచ్చేవి.

నిజానికి ఆ వింత అప్పటికే పాతది. అమెరికాలో 1927 ఏప్రిల్ 7న వాషింగ్టనులో మాట్లాడుతున్న హెర్బర్ట్ హూవర్ ముఖాన్ని న్యూయార్కులో చూపించారు. 1970లో ఏటీ అండ్ టీ సంస్థ పిట్స్‌బర్గులో పిక్చర్‌ఫోనును అమ్మకానికి పెడితే కొనేవారు కరవయ్యారు. ఖరీదు సంగతి అలా ఉంచి, తీరిక వేళ ఫోను ఎత్తేవాడు తల దువ్వుకొని ఎత్తవలసి వస్తుందంటే ఎవరికి ఇష్టం? ఇష్టాయిష్టాలతో పనిలేని చోట అది నాటుకొన్నది. కలెక్టరు రానని అనలేడు కదా!

ఇక్కడ ఒక మాట. 2003 ఏప్రిల్‌లో, మండుటెండలలో, వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ళనుండి ఇచ్ఛాపురం వరకు నడిచారు. మరుసటి ఏడు ప్రభుత్వం మారింది. ఎన్నికల ఫలితానికి కారణాలు అనేకం, వానలు లేకపోవడంతో సహా. తెరకూ పాదయాత్రకూ పోటీ పెట్టి తీర్పు చెప్పే సాహసం నాకు లేదు. కాని ఆ రెండు దృశ్యాలనూ ఒకే కాలంలో చూసినవాళ్ళం మనం. తరువాత వచ్చిన ప్రభుత్వాలలో ఒక్కటీ వీసీని వదలలేదు. 2015 మార్చిలో ప్రధానమంత్రి మోదీ ప్రగతి పేరుతో రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులతో అటువంటి సమీక్షనే మొదలుపెట్టారు.

ఇంతలో జనగామ కథ మరొక మలుపు తిరిగింది. 2016 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన కొత్త జిల్లాల ముసాయిదాలో జనగామ లేదు. బందులు, ధర్నాలు, రాస్తారోకోలు ఊరిని కుదిపివేశాయి. చివరకు గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్‌లతో పాటు జనగామనూ చేర్చారు. ఆ ఏడు అక్టోబరు 11న, విజయదశమినాడు, పాత వరంగల్లు అయిదు జిల్లాలయింది. మహబూబాబాద్, భూపాలపల్లి అట్లా వచ్చినవే. మంగపేటవంటి మారుమూలలనుండి వరంగల్లు కలెక్టరేటుకు వంద కిలోమీటర్లు దాటి రావలసిన గిరిజనులకు ఆ విభజన ఏమి ఇచ్చిందో నేను వర్ణించనక్కరలేదు. వారి ప్రాంతం 2019లో ములుగు జిల్లా అయింది.

నన్ను ఆలోచింపజేసినది ఇది. అప్పటికి వీసీ వచ్చి పదిహేనేళ్ళు దాటింది. దూరమనేది నిజంగా తెరతో తొలగిపోయి ఉంటే, జనగామవాళ్ళు గంట ప్రయాణం కోసం రోడ్డుమీద ఎందుకు కూర్చున్నట్లు? తెర తొలగించిన దూరం వేరు. అది పై అధికారికీ కింది అధికారికీ మధ్యది. అర్జీదారుకూ అధికారికీ మధ్య ఉన్న బాటను అది తాకలేదు. పైగా పైనుండి పిలుపు ఎప్పుడు పడితే అప్పుడు రావడం సులువైనకొద్దీ, కిందివాడు ఆ గదిలో గడిపే గంటలు పెరిగాయి. హైదరాబాదుకు పోయివచ్చే ఒక్క రోజు మిగిలింది, వరండాలో వేచి ఉండే రోజులు పెరిగాయి.

2020 మార్చిలో కరోనా వచ్చి తెరను అందరి ఇండ్లలోకీ తెచ్చింది. 2019 డిసెంబరులో రోజుకు ఒక కోటిగా ఉన్న జూమ్ సమావేశాల హాజరీలు, 2020 ఏప్రిల్‌కు ముప్పై కోట్లయ్యాయని ఆ సంస్థ చెప్పుకొన్నది. మా వైపు పల్లెలలో సాఫ్ట్‌వేరు పిల్లలు సిగ్నలు కోసం డాబా ఎక్కి, అమెరికావాళ్ళతో మాట్లాడుతూ కనిపించేవారు. పొలానికి పోయే తండ్రి కింద నిలబడి "అన్నానికి రావా?" అంటే, పైనుండి చేతితో సైగ.

ఈ విషయంలో అందరికంటె ముందుగా ఆలోచించినవి న్యాయస్థానాలేమో. ముద్దాయిని మేజిస్ట్రేటు ముందు వీడియో ద్వారా కూడ హాజరుపరచవచ్చునని ఆంధ్రప్రదేశ్ 2000 డిసెంబరులోనే నేరవిచారణ స్మృతికి సవరణ చేసుకొన్నది. 2003 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు, అమెరికాలో ఉన్న ఒక వైద్యుని సాక్ష్యం విషయంలో, తెరమీద కనిపించినా అది ఎదుట ఉన్నట్లేనని తీర్పు చెప్పింది. పూర్వులు చేయని పదానికి అర్థం మాత్రం న్యాయమూర్తులు చెప్పారు. అయితే 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత విచారణలన్నిటికీ తెరను అనుమతిస్తూనే ఒక షరతు నిలిపి ఉంచింది. పోలీసు కస్టడీకి పంపే ముద్దాయిని మొదటిసారి మేజిస్ట్రేటు ఎదుటికి స్వయంగా తేవాలి, పోలీసుల చేతిలో ఉన్నంతకాలం ప్రతిసారీ తేవాలి. మనిషి ఒంటిమీద దెబ్బలున్నాయా, కంటిలో భయమున్నదా అనేది తెరమీద తెలియదని శాసనకర్తలకు తెలుసు. అర్జీ పట్టుకొని వచ్చినవారికి అటువంటి షరతు ఏ చట్టంలోనూ లేదు.

జనగామ సమీకృత కలెక్టరేటు భవనాన్ని 2022 ఫిబ్రవరి 11న ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రారంభించారు. ఇటువంటి భవనాలలో వీడియో కాన్ఫరెన్సుకు ప్రత్యేకంగా గది ఉంటుంది. సోమవారం ప్రజావాణి జరుగుతుంది. ఆ రోజు ఉదయమే ఆటోలు దిగేవారిలో ముసలివారే ఎక్కువ. చేతిసంచిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాసుపుస్తకం నకలు. ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చినా ఆ కవరు మాత్రం మారలేదు.

ఆనాటి ముసలమ్మ సంగతి. మూడు గంటలు దాటిన తరువాత తలుపు తెరుచుకొన్నది. ఆమెను లోపలికి పిలిచారు. నాలుగైదు నిమిషాలలో బయటికి వచ్చి, చెప్పులు వెదుక్కొంటూ నాతో "మంచిగనే మాట్లాడిండు సారు. కాయితం సూసిండు" అన్నది. పని అయిందా అని అడిగాను. "మల్ల సోమారం రమ్మన్నడు" అన్నది.