ఇసొబెల్ గౌడీ: వాంగ్మూలం నుంచి వాద్యబృందం దాకా

1662 ఏప్రిల్, మే నెలల్లో ఉత్తర స్కాట్లండ్‌లోని ఆల్డెర్న్‌లో ఇసొబెల్ గౌడీ అనే సామాన్య గృహిణి నాలుగు విడతలుగా వాంగ్మూలం ఇచ్చింది. సైతానుతో ఒడంబడిక చేసుకున్నానని, మంత్రం చదివి కుందేలుగా మారేదాన్నని, కొండ లోపలికి వెళ్ళి ‘ఫెయిరీ’ల రాణి పెట్టిన విందు ఆరగించానని చెప్పింది. ఆమె మాటలను కాగితం మీద పెట్టినవాడు ఒక నోటరీ; ఎదుట కూర్చున్నవారు మతాచార్యులు, ఊరి పెద్దలు.

1563 నాటి శాసనం ప్రకారం స్కాట్లండ్‌లో మంత్రవిద్య మరణశిక్షకు తగిన నేరం. 1736లో ఆ శాసనం రద్దయ్యేలోగా నిందితులైనవారి సంఖ్యను ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 3,837గా లెక్కించారు. వారిలో అత్యధికులు స్త్రీలే. శిక్ష పడినవారిని సాధారణంగా గొంతు నులిమి చంపి, ఆపై దహనం చేసేవారు. గౌడీ వాంగ్మూలంలోని ఫెయిరీలు, కుందేళ్ళు ఆ ప్రాంతపు జానపదుల నిత్యవిశ్వాసాలు. విచారణ గదిలో ఆ కథలే సాక్ష్యాలయ్యాయి. పొయ్యి దగ్గర చెప్పుకునే కథకూ సైతాను సేవకూ మధ్య ఉన్న గీతను చెరిపివేయడమే ఆ విచారణ చేసిన పని.

ఈ స్త్రీ పేరు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో స్థిరపడడానికి కారకుడు స్కాటిష్ స్వరకర్త జేమ్స్ మెక్‌మిలన్. ‘ది కన్ఫెషన్ ఆఫ్ ఇసొబెల్ గౌడీ’ అనే ఆయన రచనను 1990 ఆగస్టు 22న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో, ప్రామ్స్ ఉత్సవంలో, బీబీసీ స్కాటిష్ సింఫనీ ఆర్కెస్ట్రా తొలిసారి వినిపించింది. అప్పటికి ఆయన వయసు 31. ఆ ఒక్క సాయంత్రం ఆయనకు అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చింది.

సుమారు 25 నిమిషాల ఈ రచనలో గాత్రం లేదు. వాంగ్మూలంలోని ఒక్క మాటనూ స్వరకర్త వాడుకోలేదు. ఆ మాటలలో ఆమెవి ఎన్నో, అడిగినవారివి ఎన్నో విడదీయడం కష్టం కనుక ఈ మౌనం సముచితంగానే తోస్తుంది. మంద్రంగా, శోకగీతంలా మొదలయ్యే సంగీతంలో రెండు పాత బాణీలు పెనవేసుకుంటాయి: మృతుల కోసం కాథలిక్కులు పాడే ‘లుక్స్ ఎతెర్నా’, బిడ్డలను చంపిన తల్లిని గురించిన స్కాటిష్ జానపదగీతం ‘ది క్రూయెల్ మదర్’. సంస్కరణోద్యమం ఒకదాన్ని నిషేధించింది. విచారణకర్తలు రెండవదాని లోకాన్ని అనుమానించారు. నడుమ సంగీతం హింసాత్మకమై, 13 సార్లు ఒకే స్వరసంపుటి సమ్మెటలా మోగుతుంది. చివర శోకగీతం తిరిగి వచ్చి, వాద్యబృందమంతా ఒకే ‘సి’ స్వరంపై నిలిచి ఉధృతమవుతుంది.

గౌడీకి ఎన్నడూ దక్కని అంత్యక్రియల సంగీతంగా మెక్‌మిలన్ దీన్ని భావించారు. ఆమె దహనమైందని ఆయన నమ్మకం. అయితే ఆమె మరణాన్ని నమోదు చేసిన పత్రం ఏదీ లభించలేదు. చరిత్రకారుడు ఆగవలసిన ఆ చోటి నుంచే సంగీతం బయలుదేరింది. అది తీర్పు చెప్పదు, సంతాపం మాత్రం తెలుపుతుంది.

2022 మార్చి 8న స్కాట్లండ్ ప్రభుత్వాధినేత నాటి నిందితులకు క్షమాపణ చెప్పారు. మే నెలలో స్కాట్లండ్ చర్చి కూడా చెప్పింది. చేతబడి, బాణామతి అనుమానంతో జరిగిన హత్యల వార్తలు తెలుగు పత్రికలలో నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి. ఆ మృతుల కోసం ఇటువంటి రాగమొకటి ఇంకా పుట్టవలసే ఉంది.