కంటకసేల రేవును కృష్ణకు ఎగువనున్న లోనాడును

నల్లగొండ మండలమునకు సముద్రము లేదు. హాలియా ప్రాంతమువారికి కడలి యన్నది పుస్తకములలోని మాట. అయినను ఆంధ్రదేశపు ప్రాచీన రేవుపట్టణములలో నొకదానిని గూర్చి విలువైన సాక్ష్యము హాలియాకు కొలది దూరమున, కృష్ణ కావలియొడ్డున నున్న నాగార్జునకొండ లోయలోనే లభించినది. రేవుల చరిత్రను తీరపు గ్రామములయందే వెదకువారు దీనిని గుర్తింపవలసియున్నది.

ఆ సాక్ష్యము ఉపాసిక బోధిసిరి శాసనము. ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున, అనగా క్రీ.శ. 3వ శతాబ్దమున, ఈమె శ్రీపర్వతముపై చుళధమ్మగిరియందు చైత్యగృహమును కట్టించి తామ్రపర్ణి, అనగా సింహళదేశపు, థేరవాదాచార్యులకు సమర్పించెను. ఆ యాచార్యులు ధర్మమునకు త్రిప్పిన దేశములని కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రమిళ, పాలూరాదులు శాసనమున పేర్కొనబడినవి. పిదప ఆమె యితర స్థలములందు చేసిన దానముల పట్టిక వచ్చును. అందు కంటకసేలలోని మహాచైత్యము తూర్పువాకిట రాతిమండప మొకటి.

క్రీ.శ. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ, మైసోలియా తీరమున కొంటకొస్సిల యను వర్తకస్థానమును చెప్పియున్నాడు. నేటి కృష్ణాజిల్లాలోని ఘంటసాలయే యిదియని పండితుల నిర్ణయము. ఆ యూర లభించిన ప్రాకృతశాసనములలో సివకుడను మహానావికుని పేరు కానవచ్చుచున్నది. నావికుడు దాత యగుట ఆ స్థలము రేవనుటకు టాలెమీ వాక్యముకంటె దగ్గరి సాక్ష్యము. శైలమని పేరున్నను ఘంటసాలలో కొండ లేదు. చుట్టును డెల్టా మాగాణియే. నది తెచ్చిన ఒండ్రు తీరమును తూర్పునకు జరుపగా, నాటి రేవు నేడు సముద్రమునకు దూరమైనది.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో అగస్టసు, టైబీరియసుల కాలపు రోమను వెండి నాణెములు పదునైదువందలకు పైగా నొక్కచోటనే దొరికినవి. నాగార్జునకొండయందును టైబీరియసు, ఫాస్టీనాల పేరిటి బంగారు నాణెములు లభించినవి. వీనిని బోధిసిరి శాసనముతో ముడివెట్టి, ఇక్ష్వాకుల కాలమున రోముతో నేరుగా వ్యాపారము సాగెనని వ్రాయుట మనలో పరిపాటియైనది. కాని టైబీరియసు క్రీ.శ. 37లోను, ఫాస్టీనా క్రీ.శ. 140 ప్రాంతమునను గతించిరి. ఆ నాణెములు విజయపురి రాజధాని కాకమునుపటివి. బంగారము తరతరములు నిలుచును. ఆభరణముగనో నిధిగనో చేతులు మారును. కనుక నాణెములు శాతవాహనకాలపు వర్తకమునకు సాక్ష్యములు. శాసనము తరువాతి కాలపు మతసంబంధమునకు సాక్ష్యము. రెండింటిని ఒకే కాలమున నిలుపరాదు.

అట్లని వర్తకము లేదనరాదు. రెండు తెరచాపకొయ్యలతో ఓడబొమ్మగల శాతవాహన నాణెములు, యజ్ఞశ్రీ పేరిటివని చెప్పబడునవి, తీరప్రాంతమున లభించినవి. సింహళదేశపు భిక్షువులు విజయపురిలో విహారము నేర్పరచుకొని నిలిచిరన్నచో వారు వచ్చిన ఓడ యేదో యొక రేవున దిగవలసినదే. శాసనము తెలుపకున్నను, ఆ రేవులలో కంటకసేల యొకటి యనుకొనుట సాహసము కాదు.

రేవునుండి లోనాటికి త్రోవ యేది? నదియే త్రోవయని చెప్పుట సులభము. విజయపురిలో కృష్ణయొడ్డున రాతిమెట్ల ఘట్టము బయల్పడినదికూడ. కాని వేసవిలో బండలు తేలి, వర్షర్తువున ఉరవడి హెచ్చు ఈ నదిలో ఏడాది పొడవునను పడవలు ఎగువకు సాగెనని నేను నమ్మజాలను. మూసి కృష్ణలో కలియు వాడపల్లి మీదుగాను, హాలియా వాగు లోయవెంటను బండ్లబాటలు నడచియుండునని నా యూహ. విజయపురికి ఎదురుగా, తెలంగాణపు టొడ్డున ఏలేశ్వరమునందు జరిగిన త్రవ్వకములలోకూడ ప్రాచీన కట్టడములు కనబడినవి. ఆ ఊరును నాగార్జునకొండ లోయవలెనే జలాశయములో మునిగినది. నదికి రెండుదిక్కుల నావాసములుండగా నడుమ దాటుట నిత్యకృత్యమై యుండును.

నాగార్జునకొండ 1926లో వెలుగు చూచినది. ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన పునాదిరాయి పడినది. మునుగుటకు ముందు లోయను విరివిగా త్రవ్వి, శిల్పములను శాసనములను కొండమీదికి తరలించిరి. నేటి మ్యూజియము అచటనే, నీటినడుమ దీవియై మిగిలిన ఆ కొండమీద, ఉన్నది. దానిని చేరుటకు లాంచీ ఎక్కవలెను.

ఏలేశ్వరమునుండి వాడపల్లివరకు ఎడమయొడ్డున ఇంకను నీట మునుగని దిబ్బలను, పాతబాటలను, వాగుదాటు స్థలములను పటములో గుర్తించు పని మిగిలియున్నది. నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతములనుండి వచ్చు పరిశోధక విద్యార్థు లీపనికి మిక్కిలి తగినవారు. ఆ వాగుల పేర్లు వారికి పుట్టుకతోనే తెలియును.