ఆల్బర్టా చమురు: నేల కింది సంపద ఎవరిది?

1947 ఫిబ్రవరి 13న కెనడాలోని ఎడ్మంటన్ నగరానికి సమీపాన, లెడుక్ అనే ఊరి వద్ద ఒక రైతు పొలంలో చమురు పైకెగసింది. ఇంపీరియల్ ఆయిల్ సంస్థ అంతకుముందు పశ్చిమ కెనడాలో 133 బావులు తవ్వి భంగపడింది. గోధుమ పంట, పశువుల మందలు, బొగ్గు గనులతో బతుకు వెళ్లదీసిన ఆల్బర్టా రాష్ట్రం ఒక తరం తిరిగేలోగా దేశంలోకెల్లా సంపన్నమైనదిగా మారింది. అయితే ఆ కలిమికి చమురే కారణమనడం సగం సత్యం మాత్రమే. మిగతా సగం అంతకు 17 ఏళ్ల ముందు కుదిరిన ఒక రాజ్యాంగ ఒప్పందంలో ఉంది.

ఓంటారియో, క్యూబెక్ వంటి పాత రాష్ట్రాలకు తమ భూములపైన, గనులపైన 1867 నుంచే హక్కు ఉంది. 1905లో ఆల్బర్టాకు రాష్ట్ర హోదా ఇచ్చిన ఒట్టావా ప్రభుత్వం ఆ హక్కును మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది. పావు శతాబ్దం పోరాడాక, 1930లో సహజ వనరుల బదిలీ ఒప్పందంతో యాజమాన్యం రాష్ట్రానికి దక్కింది. లెడుక్‌లో చమురు పడేనాటికి రాయల్టీ ఎవరికి చెందాలన్న ప్రశ్నే మిగలలేదు. ఒప్పందం 17 ఏళ్లు ఆలస్యమై ఉంటే, చమురు రుచి మరిగిన కేంద్రం దానిని అంత సులువుగా వదులుకునేదా?

1967లో ఫోర్ట్ మెక్‌మరీ వద్ద తారువంటి ముడిచమురు కలిసిన ఇసుకను తవ్వి, చమురును వేరుచేసే తొలి భారీ కర్మాగారం మొదలైంది. 1973 తర్వాత ప్రపంచ ధరలు భగ్గుమన్నాయి. రాష్ట్ర ప్రధాని పీటర్ లోహీడ్ 1976లో హెరిటేజ్ ఫండ్ పేరిట భావితరాల కోసం నిధిని నెలకొల్పారు. ఈనాటికీ ఆల్బర్టాలో రాష్ట్ర అమ్మకపు పన్ను లేదు.

ఒకరి కలిమి మరొకరికి కంటగింపు కాక మానదు. 1980 అక్టోబరులో పియర్ ట్రూడో ప్రభుత్వం జాతీయ ఇంధన కార్యక్రమాన్ని ప్రకటించింది. చమురు ధరను అదుపు చేయడం, ఆదాయంలో కేంద్రం వాటా పెంచడం దాని సారాంశం. తూర్పు ప్రాంత పరిశ్రమలకు చౌక ఇంధనం, పశ్చిమానికి నష్టం అని ఆల్బర్టా భగ్గుమంది. ఆ ఏడాది ఎన్నికల్లో ట్రూడో పార్టీకి మనిటోబాకు పశ్చిమాన ఒక్క స్థానమూ రాలేదన్నది గమనార్హం. లోహీడ్ చమురు ఉత్పత్తికి కోత పెట్టారు. 1981లో రాజీ కుదిరింది. 1982 రాజ్యాంగంలో 92ఎ నిబంధన వనరులపై రాష్ట్రాల అధికారాన్ని మరింత పటిష్ఠం చేసింది.

యాజమాన్యం దక్కినంత మాత్రాన వివేకం దక్కదు. చమురు ఆదాయం నుంచి హెరిటేజ్ ఫండ్‌కు క్రమం తప్పక వెళ్లే జమలను 1987లో ఆపేశారు. 1990లో చట్టం చేసి ఆలస్యంగా బయలుదేరిన నార్వే నిధి నేడు ప్రపంచంలోనే అతిపెద్దది. సముద్రతీరం లేని ఆల్బర్టా తన చమురును అత్యధికంగా అమెరికాకే అమ్మవలసి వచ్చింది. పసిఫిక్ తీరానికి వెళ్లే ట్రాన్స్ మౌంటెన్ పైప్‌లైన్‌ను 2018లో 450 కోట్ల కెనడా డాలర్లకు కొన్నది ఒట్టావా ప్రభుత్వమే. విస్తరించిన ఆ మార్గం 2024 మే నెలలో పనిచేయనారంభించింది. కేంద్రంతో కలహించిన రాష్ట్రానికి దారి చూపింది కేంద్రమే! ఇక 1930 ఒప్పందం వేళ, ఆ నేలకు తొలి హక్కుదారులైన ఆదివాసీ జాతులను సంప్రదించనే లేదు.

ఈ చరిత్ర భారతదేశానికి పరాయిది కాదు. ఇక్కడ చమురు క్షేత్రాల నియంత్రణ కేంద్ర జాబితాలో ఉంది. 297వ అధికరణం ప్రకారం సముద్ర గర్భంలోని ఖనిజాలు కేంద్రానివి. కనుకనే కృష్ణా-గోదావరి బేసిన్‌లో తీరానికి ఆవల వెలికితీసే గ్యాస్ రాయల్టీ ఆంధ్రప్రదేశ్‌కు రాదు. గనుల హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఝార్ఖండ్, ఒడిశా వంటి ఖనిజ రాష్ట్రాలకు అది పెద్ద విజయమే.

ఆ సొమ్ము ఎన్నికల ఖర్చులకు కరిగిపోతుందా, రేపటి తరానికి మిగులుతుందా? గనుల కోసం ఊళ్లు వదిలిన ఆదివాసీకి అందులో వాటా ఎంత? ఆల్బర్టా మొదటి ప్రశ్నకు సగం జవాబే చెప్పగలిగింది. రెండో ప్రశ్నను వినిపించుకోలేదు. ఖనిజ రాష్ట్రాలు గ్రహించవలసిన పాఠం అదే.