స్వతంత్ర గీతము - రసికుని అన్వేషణము

సాహిత్యచరిత్ర వ్రాయువారు కవిని గూర్చియు, కృతిపతిని గూర్చియు, ప్రతులను గూర్చియు విపులముగా విచారింతురు. ఆ కృతిని మొదట విని తలయూచినవాడెవడు, విని మఱియొకనికి వినిపించినవాడెవడు అను ప్రశ్నను మాత్రము తఱచుగా విడిచిపెట్టుదురు. సహృదయుడు లేక రసానుభూతి లేదని మన ఆలంకారికులు ఏనాడో నిర్ణయించిరి. ఐనను ఆ సహృదయుడు అలంకారశాస్త్రమున నిలిచెనే కాని చరిత్ర గ్రంథములలోనికి రాలేదు. ఇందులకు కారణము సులభముగా ఊహింపదగినదే. కవి గ్రంథమును విడిచిపోవును. శ్రోత సాధారణముగా ఏ జాడయు విడువడు.

శ్రోతలు జాడలను విడిచిన సందర్భము ఒకటి ఇటీవలి చరిత్రలో కలదు. అది 1976 మొదలుకొని బ్రిటనులో వెలసిన స్వతంత్ర సంగీతోద్యమము. ఇంగ్లీషున ‘ఇండిపెండెంట్’ అను శబ్దమును కుదించి దానిని ‘ఇండీ’ అని వ్యవహరించిరి. ఈ సంగీతమును సృష్టించినవారు గాయకులే. కాని దానిని వెదకి కనుగొని, ఊరూర వ్యాపింపజేసి, నశింపకుండ కాపాడినవారు సామాన్య రసికులు. ఈ విషయమును నిరూపించుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

‘స్వతంత్రము’ అనగా దేనినుండి స్వతంత్రము? ఆ కాలమున బ్రిటనులో గ్రామఫోను రికార్డుల వ్యాపారము ఇ.ఎం.ఐ., సి.బి.ఎస్. వంటి కొలది పెద్ద సంస్థల చేతులలో నుండెను. ధ్వనిముద్రణశాలలు, రికార్డులను అచ్చొత్తు కర్మాగారములు, దుకాణములకు చేర్చు పంపిణీ యంత్రాంగము చాలవఱకు వారివే. కొంత సొమ్ము పోగుచేసి పాటను రికార్డుపై కెక్కించుట ఎవరికైనను సాధ్యమే. దానిని కొనువాని ముంగిటికి చేర్చుటయే కష్టము. కావున ఈ స్వాతంత్ర్యము మొదట రాగమునకో, భావమునకో సంబంధించినది కాదు; పంపిణీకి సంబంధించినది. ఈ అంశమును గుర్తుంచుకొనినగాని తరువాతి కథ బోధపడదు.

ఈ ఉద్యమమునకు ఒక కచేరిని ఆదిగా చెప్పుట వాడుక. 1976 ఫిబ్రవరిలో హోవర్డ్ డివోటో, పీట్ షెల్లీ అను ఇద్దఱు విద్యార్థులు ఒక సంగీత పత్రికలో ‘సెక్స్ పిస్టల్స్’ అను క్రొత్త బృందమును గూర్చిన సమీక్షను చదివిరి. చదివి యూరకుండక, లండను పరిసరములకు ప్రయాణమై పోయి ఆ పాటలను విని వచ్చిరి. తాము విన్నదానిని తమ ప్రాంతమువారికి వినిపింపవలెనని 1976 జూన్ 4వ తేదీన మాంచెస్టరు నగరమున ‘లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాలు’ అను చిన్న మందిరమున కచేరి ఏర్పాటుచేసిరి. వచ్చినవారు కొలది పదులమంది మాత్రమే. వారిలో బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ అను ఇద్దఱు మిత్రులుండిరి. తరువాత ‘జాయ్ డివిజన్’ బృందమును నెలకొల్పినవారు వీరే. మఱునాడే బాస్ గిటారు కొంటినని హుక్ స్వయముగా చెప్పుకొనెను. కచేరి నేర్పఱచిన డివోటో, షెల్లీలు జులై 20వ తేదీన అదే మందిరమున తమ ‘బజ్‌కాక్స్’ బృందముతో వేదిక నెక్కిరి. చదువుట, వెదకుట, వినుట, వినిపించుట, పిమ్మట తామే పాడుట అను అయిదు మెట్లును ఇచట ఆఱు నెలలలో పూర్తియైనవి.

ఈ కచేరి పరిశోధకునకు ఒక హెచ్చరికయు చేయుచున్నది. దాని కీర్తి పెరిగినకొలది నేనును అచట నుంటినని చెప్పువారి సంఖ్యయు పెరిగెను. ఆ మందిరమున పట్టునంతమంది కంటె మిక్కిలి ఎక్కువమంది సాక్షులు బయలుదేరిరి. డేవిడ్ నోలన్ అను రచయిత ఈ సాక్ష్యములను పరిశీలించి ప్రత్యేకముగా ఒక గ్రంథమునే వ్రాసెను. అప్పటికి పదునేడేండ్లవాడును, తరువాత ‘ది స్మిత్స్’ గాయకుడుగా ప్రసిద్ధుడైనవాడును అగు మారిసే ఆ కచేరిని గూర్చి వ్రాసిన లేఖ ఆ జూన్ నెలలోనే ఒక సంగీత పత్రికలో అచ్చయ్యెను. ఇరువదియేండ్ల తరువాతి జ్ఞాపకములు నూఱింటి కంటె ఆనాటి శ్రోత వ్రాసిన యీ ఒక్క లేఖ ప్రమాణముగా విలువైనది.

1976 డిసెంబరు 28వ తేదీన బజ్‌కాక్స్ బృందము నాలుగు పాటలను రికార్డు చేసెను. మిత్రులవద్దను బంధువులవద్దను అప్పుచేసిన 500 పౌనులు వారి మూలధనము. 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ అను పేర ఆ రికార్డును తామే వెలువరించిరి. మొదట వేయించినవి 1,000 ప్రతులు. తుదకు 16,000 వఱకు అమ్ముడుపోయినవి. ఏ పాటను ఎన్నవసారి పాడినప్పుడు గ్రహించిరో అట్టపై అచ్చువేయించుట దీని విశేషము. 1978లో ‘స్క్రిట్టీ పొలిట్టీ’ బృందమువారు ఇంకొక అడుగు ముందునకు వేసి, రికార్డు తయారీకైన ఖర్చుల వివరములను అట్టపైననే ప్రకటించిరి. అట్టి వ్రాత శ్రోతకు లెక్క యొప్పజెప్పుట మాత్రమే కాదు. నీవును ఈ పని చేయగలవని చేసిన ఆహ్వానము. వినువానికిని పాడువానికిని నడుమ గోడ ఇచట పలుచబడినది.

వెదకువారికి దారి చూపిన సాధనములు మూడు: దుకాణము, చిన్న పత్రిక, రేడియో. 1976లో జెఫ్ ట్రావిస్ లండనులో ‘రఫ్ ట్రేడ్’ అను రికార్డుల అంగడిని తెఱచెను. అచట కొనుటకు వచ్చినవారు గంటల తరబడి కూర్చుండి వినవచ్చును. తాము వేయించిన రికార్డులను తెచ్చి అమ్మకమునకు పెట్టవచ్చును. క్రమముగా ఈ అంగడియే పంపిణీదారు కూడ ఆయెను. 1980 తరువాత యార్కు, బ్రిస్టల్, నార్విచ్, ఎడింబరో మొదలగు ఊళ్ల అంగళ్లు దీనితో కలిసి ‘కార్టెల్’ అను పంపిణీ కూటమిగా ఏర్పడినవి. పెద్ద సంస్థల బండ్లు మోయని రికార్డులు ఈ దారిని దేశమంతట తిరిగినవి.

1976 జులైలో బ్యాంకు గుమాస్తాయగు మార్క్ పెఱ్ఱీ ‘స్నిఫిన్ గ్లూ’ అను పత్రికను ప్రారంభించెను. టైపు చేసిన కాగితములు, చేతివ్రాత శీర్షికలు, జిరాక్సు ప్రతులు: ఇదియే దాని స్వరూపము. మొదటి సంచికకు తీసినవి ఏబది ప్రతులు మాత్రమే. ఏడాది తిరిగి వచ్చునప్పటికి వాని సంఖ్య వేలకు పెరుగగా, ఇక మీరే పత్రికలు పెట్టుకొనుడని పాఠకులను ప్రోత్సహించుచు పెఱ్ఱీ దానిని నిలిపివేసెను. వందలకొలది అభిమానుల పత్రికలు ఊరూర పుట్టినవి. అచ్చుతప్పులతో నిండిన ఆ కాగితములే నేడు ఆనాటి కచేరులకు ఆకరములు.

మూడవదియైన రేడియో జాన్ పీల్ పేరుతో ముడివడియున్నది. 1939లో జన్మించి 2004లో పెరూ దేశమున కుస్కోలో మరణించిన పీల్, 1967లో బి.బి.సి. రేడియో వన్ ఆరంభమైననాటి నుండి చివరివఱకు అందు పాటలను వినిపించెను. ఆనాడు గాయకవాద్యకుల సంఘముతోను రికార్డు సంస్థలతోను బి.బి.సి.కి గల ఒడంబడికను అనుసరించి, దినమునకు ఇన్ని గంటలకు మించి రికార్డులను ప్రసారము చేయగూడదను నియమముండెను. మిగిలిన కాలమును నింపుటకు బృందములను స్టూడియోకు పిలిపించి పాడింపవలసివచ్చెను. సామాన్యముగా ఒక్క దినమున నాలుగు పాటలు ముద్రించెడివారు. ఈ విధముగా వాద్యకుల జీవనోపాధిని కాపాడుటకై పుట్టిన నియమము, రికార్డే లేని క్రొత్త బృందములకు తలుపు తెఱచెను. పీల్ కార్యక్రమమునకై 2,000కు పైగా గాయకులు, బృందములు పాడిన సెషన్లు 4,000కు మించినవి.

1978లో ఉత్తర ఐర్లండునందలి డెర్రీ పట్టణమున ‘అండర్‌టోన్స్’ అను యువకుల బృందము ‘టీనేజ్ కిక్స్’ అను పాటను పాడెను. అవి ఆ పట్టణమున సైనికులును తుపాకులును నిత్యదృశ్యములైన దినములు. బెల్ఫాస్టులో రికార్డుల అంగడి నడుపుచుండిన టెఱ్ఱీ హూలీ దానిని రికార్డుగా వెలువరించి లండను సంస్థలకు చూపగా ఎవరును ఆదరింపలేదు. ఆ సెప్టెంబరులో పీల్ దానిని రేడియోలో వెంటవెంటనే రెండుమాఱులు వినిపించెను. తరువాత కొలదికాలమునకే ‘సైర్’ అను అమెరికా సంస్థ ఆ బృందముతో ఒప్పందము చేసికొనెను. పాట మాఱలేదు, విన్న చెవి మాఱినది. అంతే భేదము.

ఇక శబ్దచరిత్ర. 1980 జనవరిలో స్వతంత్ర రికార్డుల అమ్మకముల పట్టిక మొదటిసారి ప్రకటితమయ్యెను. పెద్ద సంస్థల పంపిణీని ఆశ్రయింపకుండుటయే అందు ప్రవేశార్హత. 1986లో ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ పత్రిక ఇరువదిరెండు బృందముల పాటలను ‘సి 86’ అను క్యాసెట్టుగా వెలువరించెను. అప్పటినుండి ‘ఇండీ’ అనగా గలగలలాడు గిటారు, బిడియముతో కూడిన గొంతు అను అర్థము స్థిరపడజొచ్చెను. రెండర్థములకును ఘర్షణ రాకతప్పలేదు. 1988లో కైలీ మినోగ్ పాడిన నృత్యగీతములు, స్వతంత్ర పంపిణీ ద్వారా వచ్చినవగుటచే, ఆ పట్టికలో అగ్రస్థానమున కెక్కెను. నియమము ప్రకారము అవి ఇండీయే. ఏ అభిమానియు వానిని ఇండీ అని ఒప్పుకొనడు. 1991లో రఫ్ ట్రేడ్ పంపిణీసంస్థ కుప్పకూలెను. వ్యాపారపద్ధతిని తెలిపిన పదము వ్యాపారము పోయిన పిదప శైలీవాచకముగా మిగిలినది. అర్థవిపరిణామమునకు మన భాషాశాస్త్ర పాఠములలో ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట అరుదు.

దృశ్యరూపమునకు ధనము కావలెను గనుక వీడియో ఈ బృందములకు ఆలస్యముగా లభించెను. 1981లో అమెరికాలో ఎం.టి.వి. ప్రారంభమైన తరువాత పెద్ద సంస్థలు వీడియోలకు విరివిగా వ్యయము చేసినవి. స్వతంత్రులలో 1986లో స్మిత్స్ పాటలకు డెరెక్ జార్మన్ తీసిన చిత్రము వంటివి ఉన్నను అవి మినహాయింపులే. 2005లో యూట్యూబు, 2008లో బ్యాండ్‌క్యాంపు వచ్చిన పిదప ఈ అడ్డు తొలగెను. నేటి అభిమాని గదిలో కూర్చుండియే ఏ దేశపు పాటనైనను చూడగలడు.

ఐనను సులభముగా దొరకుట వేఱు, నిలుచుట వేఱు. పీల్ కార్యక్రమములను అన్నిటిని బి.బి.సి. భద్రపఱుపలేదు. వానిలో పెక్కింటిని శ్రోతలు తమ యిండ్లలో క్యాసెట్టులపై పట్టి దాచుకొనిరి. ఆ క్యాసెట్టులనుండియే అవి నేడు మరల వినబడుచున్నవి. దీనికి ప్రతిగా, ఒకప్పుడు క్రొత్త బృందములకు ఆటపట్టైన ‘మైస్పేస్’ 2019లో చేసిన ప్రకటనను చూడుడు. 2003 నుండి 2015 వఱకు అందు చేర్చిన పాటలన్నియు యంత్రములను మార్చుచుండగా పోయినవని అందు చెప్పిరి. ఆ సంఖ్య అయిదు కోట్లని అంచనా. ముందే ఎవరో పరిశోధకులు నకలు తీసియుంచుటచే సుమారు 4,90,000 పాటలు మాత్రము ‘ఇంటర్నెట్ ఆర్కైవు’నకు చేరినవి. సంస్థ పోగొట్టుకొనినది, వ్యక్తులు దాచినంత మాత్రము మిగిలినది.

ఇది మనకు దూరపు కథ కాదు. అన్నమాచార్యుని సంకీర్తనలను తాళ్లపాకవారు రాగిరేకులపై చెక్కించిరి. రేకులపై సాహిత్యము నిలిచినది, రాగముల పేళ్లు నిలిచినవి, స్వరము లేదు. ఆ పాట ఎట్లుండెడిదో చెప్పగల శ్రోతల పరంపర నడుమ తెగిపోయెను. అందుచేతనే ఇరువదవ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు వానికి క్రొత్తగా వరుసలు కూర్పవలసివచ్చెను. రాగి నిలిచియు, విన్నవాడు లేనిచో పాట సగమే దక్కునని దీనివలన తేటపడుచున్నది.

కావున పరిశోధక విద్యార్థులకు నా మనవి యొకటి. గాయకుని జీవితము, సంస్థల పట్టికలు మాత్రమే ఆకరములు కావు. అభిమాని లేఖ, చిన్న పత్రిక, కచేరి టిక్కెట్టు, ఇంటిలో పట్టిన క్యాసెట్టు కూడ ఆకరములే. నేడు ఏ పాట తరువాత ఏ పాట వినవలెనో యంత్రమే నిర్ణయించుచున్నది. ఆ ఎంపికకు లేఖ లేదు, అంచున వ్రాత లేదు, చెప్పిన మిత్రుని పేరు లేదు. ఈనాటి శ్రోత తాను దేనిని ఎట్లు కనుగొనెనో ఎక్కడనైనను వ్రాసిపెట్టనిచో, రేపటి చరిత్రకారునకు పాటల సంఖ్యలు దొరకును గాని విన్న మనుష్యుడు దొరకడు. మన శాఖల గ్రంథాలయములు తాళపత్రములతోపాటు ఈ చిల్లర కాగితములకును ఒక బీరువా కేటాయింపవలసిన సమయము వచ్చినది.