చందా ఇచ్చినవాళ్ళ నవ్వు

మాది తణుకులో మైకు సెట్ల వ్యాపారం. నాన్నగారు మొదలుపెట్టారు, నేను కొనసాగించాను. నాటకం ఆడినా, హరికథ చెప్పినా, బుర్రకథ పెట్టినా వేదిక పక్కన ఆంప్లిఫైయరు ముందు కూర్చునేది మేమే. అక్కణ్ణించి చూస్తే నటుల ముఖాలు సగమే కనిపిస్తాయి. జనం ముఖాలు మాత్రం నిండుగా కనిపిస్తాయి. అందుకే, తుఫాను బాధితుల కోసం పెట్టిన కార్యక్రమంలో ఈ కామెడీలేమిటని ఎవరైనా విసుక్కున్నప్పుడల్లా, ఆ ముఖాల గురించి చెప్పాలనిపిస్తుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడింది. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, ఊళ్ళో కరెంటు లేదు, మంచినీళ్ళకి, పాలకి జనం అల్లాడిపోయారు. నవంబర్ 30, ఆదివారం నాడు తెలుగు సినిమా పరిశ్రమ అంతా కలిసి ‘మేము సైతం’ అని హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియోలో పన్నెండు గంటల కార్యక్రమం చేసింది. పాటలు, డాన్సులు, ఆటలు, మధ్యమధ్యలో హాస్య స్కిట్లు, అన్నీ టీవీలో ప్రత్యక్ష ప్రసారం. మొత్తం మీద 11 కోట్ల రూపాయలకు పైగానే పోగయింది. అంత డబ్బు ఒక్క పిలుపుతో రావడం చిన్న సంగతి కాదు. ఆ పని చేసినవాళ్ళందరికీ నేను దణ్ణం పెడతాను.

ఆ రోజు మా షాపులో టీవీ పెట్టాం. వేల్పూరు రోడ్డు మీద పోయేవాళ్ళు కాసేపు ఆగి చూసి వెళ్ళేవారు. స్కిట్టు వచ్చినప్పుడు కుర్రాళ్ళు బాగానే నవ్వారు, తమ హీరో కనబడితే ఈల కూడా వేశారు. మా వీధి చివరి ఇంటావిడ చెల్లెలు గాజువాకలో ఉంటుంది, ఇంటి మీద రేకులన్నీ లేచిపోయాయి. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి చూసి, “వాళ్ళలో వాళ్ళే నవ్వుకుంటున్నారండీ” అంది. కోపంగా అనలేదు. ఆ పక్కనే ఉన్న పెద్దాయన, రిటైరైన పంచదార మిల్లు కార్మికుడు, ఇంకో మాటన్నాడు: “పరామర్శకెళ్ళినవాళ్ళు ముందు ఆ ఇంటోళ్ళని పలకరించాలి కదా. తర్వాత ఎన్ని కబుర్లయినా చెప్పుకోవచ్చు.”

ఈ రెండు మాటల్లో ఎక్కడా నవ్వు తప్పని లేదు. మా గోదావరి జిల్లాలవాళ్ళకి నవ్వు తప్పనిపించదు కూడా. రేలంగి పేరుతో మా పక్కనే ఊరుంది, ఆ ఇంటిపేరుగల హాస్యనటుడు తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డాడు. అల్లు రామలింగయ్యది పాలకొల్లు. బ్రహ్మానందం సినిమాల్లోకి వెళ్ళకముందు అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పాడు. ఇంతమందిని చూసిన జనం ఆ రోజు అడిగిందల్లా ఒక్కటే. ఈ నవ్వులో మాకు చోటెక్కడ అని.

ఆ చోటు వెనకటి రోజుల్లో ఎలా ఉండేదో బుర్రకథలో కనిపిస్తుంది. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు కథని వర్తమానానికి ముడిపెట్టి రాజకీయం మాట్లాడతారు, రెండోవారు హాస్యం పట్టుకుంటారు. 1943లో బెంగాల్ కరువు వచ్చింది. లక్షలమంది తిండి లేక చచ్చిపోయారు. ఆ ఏడే పుట్టిన ప్రజానాట్యమండలి కళాకారులు ఆ కరువునే కథగా కట్టి ఆంధ్ర దేశమంతా చెప్పారు. బుర్రకథకి పెట్టింది పేరైన షేక్ నాజర్ కూడా ఆ కథ చెప్పాడు. మనుషులు ఆకలితో రాలిపోయిన కథలో కూడా హాస్యగాడి స్థానం తీసెయ్యలేదు, చూడండి. కథ గుండె పిండే చోటికి వచ్చాక ఆ హాస్యపు వంత అడ్డుపడి ఒక ప్రశ్న వేసేవాడు. అది కరువు మీద వేళాకోళం కాదు. బియ్యం దాచినవాడి మీదా, కళ్ళు మూసుకున్న దొర మీదా, ఒక్కోసారి ఎదురుగా ముందు వరసలో కూర్చున్న మోతుబరి మీదా విసురు. జనం నవ్వేవారు, నవ్వుతూనే జేబు తడుముకునేవారు. “ఏడిపించి ఊరుకుంటే ఇంటికెళ్ళిపోతారు, నవ్విస్తే కూర్చుంటారు” అనేవారు నాన్నగారు. ఆయన చూసి చెప్పిన మాట అది.

తర్వాత సినిమావాళ్ళు వచ్చారు. 1952లో రాయలసీమ కరువుకి ఎన్టీ రామారావు ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు. హాస్యనటుడు రమణారెడ్డి సేవాసంస్థల కోసం డబ్బు తీసుకోకుండా మ్యాజిక్ ప్రదర్శనలిచ్చేవాడు. 1977 నవంబర్ 19న దివిసీమని ఉప్పెన ముంచినప్పుడు రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ కలిసి జోలె పట్టారు. నేనప్పుడు హైస్కూలు కుర్రాణ్ణి, నాన్నగారి వెనకాల తీగలు చుట్టేవాణ్ణి.

ఆ చలికాలంలో మా చుట్టుపక్కల ఊళ్ళలో దివిసీమ సహాయార్థం చాలా నాటకాలు పడ్డాయి. వాటిలో చదివింపులు చూడాలి. చందా ఇచ్చిన మనిషి పేరు, ఊరు, రూపాయలు ఒక చీటీ మీద రాసి మా దగ్గరికి పంపేవారు. రంగానికీ రంగానికీ మధ్య తెర దించగానే హాస్యపాత్రధారి వేషంతోనే మైకు ముందుకొచ్చి ఆ చీటీలు చదివేవాడు. ప్రతి పేరుకీ ఒక మాట చేర్చేవాడు. పది రూపాయలిచ్చిన రైతుని ఒక రకంగా, అయిదు పైసలిచ్చిన కుర్రాణ్ణి ఇంకో రకంగా పొగిడేవాడు. కుర్రాడి పేరుకే ఎక్కువ చప్పట్లు పడేవి. నవ్వు ఎగిసినప్పుడల్లా గొట్టాల్లోంచి తిరిగొచ్చి మైకు కూసేది, వెంటనే నాన్నగారి చెయ్యి మీట మీదికి పోయేది. నవ్వు ఎంతసేపు నిలుస్తుందో ఆ మీటతోనే నేర్చుకున్నాను. మంచి నటుడు ఆ నవ్వు పూర్తిగా దిగేదాకా రెండో మాట అనడు. ఆ నిదానం టీవీ స్కిట్లలో నాకు కనబడదు. ఎదురుగా ఉన్నది కెమెరా, ఇంట్లో ఉన్నవాడు నవ్వాడో లేదో దానికి తెలీదు.

ఆ రోజుల్లో ఒక రాత్రి ‘చింతామణి’ పెట్టారు. హాలు నిండాలంటే అదే నాటకం. అందులోని హాస్యపాత్ర, వైశ్య వ్యాపారి సుబ్బిశెట్టి రాగానే జనం విరగబడి నవ్వుతున్నారు. ముందు వరసలో కిరాణా వ్యాపారి ఒకాయన ఉన్నారు. ఆ రాత్రి అందరికంటే పెద్ద చందా ఆయనదే. తల వంచుకుని, ఒళ్ళో ఉన్న కండువా అంచు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చున్నారు. పక్కన ఆయన కొడుకు, నా ఈడువాడే, నవ్వాలో వద్దో తెలీక తండ్రి ముఖంలోకి చూస్తున్నాడు. తెర పడ్డాక సుబ్బిశెట్టి వేషగాడు మా పెట్టె దగ్గరికొచ్చి, “శెట్టిగారు ఎళ్ళిపోయారా?” అని నాన్నగారిని అడిగాడు. లేదు, కూర్చునే ఉన్నారని చెప్పారు. తర్వాత రంగంలో ఆ నటుడు రెండు పెద్ద హాస్యపు ముక్కలు మింగేశాడు. శెట్టిగారి చీటీ చదివేటప్పుడు ఏ మాటా చేర్చకుండా పేరూ, మొత్తమూ చెప్పి చేతులు జోడించాడు. జనం చప్పట్లు కొట్టారు. శెట్టిగారు తలెత్తారు.

కాళ్ళకూరి నారాయణరావు ఆ నాటకాన్ని వేశ్యావృత్తి మాన్పించాలని రాశాడు. వందేళ్ళ పాటు ఆడినవాళ్ళు సుబ్బిశెట్టి నోట మోటు మాటలు ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయారు. ఆర్యవైశ్యులు చాలాకాలంగా బాధపడుతూనే ఉన్నారు. చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకం మొత్తాన్నీ నిషేధించింది. నాకు నిషేధం నచ్చలేదు. కానీ ఆ రాత్రి ఒక్క నటుడు తెర వెనకనించి జనంలోకి చూసి చేసిన పని మిగతావాళ్ళు కూడా చేసి ఉంటే, వ్యవహారం అంతదూరం వచ్చేది కాదని నా నమ్మకం.

నవ్వుతో చందాలు పోగుచెయ్యడం బయటి దేశాల్లోనూ ఉంది. ఇంగ్లండులో 1985లో ఇథియోపియా కరువు కోసం అక్కడి హాస్యనటులు కామిక్ రిలీఫ్ అని ఒక సంస్థ పెట్టారు. 1988 ఫిబ్రవరి 5న మొదటిసారి ఎర్ర ముక్కులు పెట్టుకుని బీబీసీలో రాత్రంతా నవ్వించారు. కాసేపు హాస్యం, వెంటనే కరువు ఊరి మనుషుల మీద తీసిన చిన్న సినిమా, ఆ వెంటనే డబ్బు పంపండని విన్నపం. ఈ పద్ధతి గురించి విన్నప్పుడు నాకు మన బుర్రకథే గుర్తొచ్చింది. దుఃఖానికీ నవ్వుకీ మధ్య దూరం తక్కువగా ఉంచుతారు. ‘మేము సైతం’ చూస్తూ మా షాపు ముందు నిలబడ్డ ఆవిడకి ఆ దూరం ఎక్కువైపోయింది, అంతే.

2020లో ఆవిడ స్థానంలో మేమున్నాం. ఉగాది ముందే కరోనా లాక్‌డౌన్ పెట్టారు. శ్రీరామనవమి పందిళ్ళు లేవు, పెళ్ళిళ్ళు లేవు, గొట్టాలన్నీ గోడకి వేలాడుతున్నాయి. ఏప్రిల్ 6న టీవీలో ‘ఫ్యామిలీ’ అని నాలుగైదు నిమిషాల చిన్న సినిమా వచ్చింది. అమితాబ్ బచ్చన్ నల్ల కళ్ళద్దాలు కనబడవు, అందరూ వెతుకుతుంటారు. రజనీకాంత్, మమ్ముట్టి, మోహన్‌లాల్, మన చిరంజీవి, ఎవరి ఇంట్లో వాళ్ళుండి, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుతూ, అంతా ఒకే ఇంట్లో ఉన్నట్టు నటించారు. చివర్లో అమితాబ్ వచ్చి, ఎవరూ ఇల్లు కదల్లేదనీ, సినిమా రంగంలో దినకూలీ చేసుకునేవాళ్ళకి సాయం అందుతుందనీ చెప్పాడు. లక్ష కుటుంబాలకి నెల సరుకులని ప్రకటించారు. మా ఇంట్లో అందరం నవ్వాం. వాళ్ళూ మాలాగే గుమ్మం దాటలేక ఉన్నారని తెలుస్తూనే ఉంది. అందుకే ఆ నవ్వు మాదాకా వచ్చింది.

మర్నాడు మా దగ్గర పనిచేసే కుర్రాడు ఫోన్ చేశాడు. తనూ చూశాట్ట, బాగా నవ్వుకున్నాట్ట. కాసేపాగి, “మన సెట్లోళ్ళకి కూడా ఇస్తారాండీ?” అన్నాడు. అది సినిమా కార్మికులకని చెప్పాను. ఆ వారంలోనే మైకు, లైటింగు, షామియానా వాళ్ళం చందా వేసుకుని పనివాళ్ళందరికీ బియ్యం, పప్పు, నూనె పంచాం. ఎవరెంత ఇచ్చారో జాబితా నేను రాశాను. నాటకాల్లో హాస్యపాత్రలు కట్టే ఒక మిత్రుడు దాన్ని వాట్సాప్‌లో గొంతుతో చదివి పంపించాడు. ప్రతి పేరుకీ ఒక మాట చేర్చాడు. సగం బస్తా ఇచ్చిన మా కుర్రాడి పేరు దగ్గర అందరికంటే ఎక్కువసేపు ఆగాడు.