సైనికుడి సంచిలో ఇల్లాలు

యుద్ధాల చరిత్ర తిరగేస్తే సేనాపతుల పేర్లు కనిపిస్తాయి, ఫిరంగుల లెక్కలు కనిపిస్తాయి. సూదీ దారం సంగతి ఎవరు రాస్తారు? 1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య అంతర్యుద్ధం జరిగింది. అప్పుడు చాలామంది సైనికుల సంచుల్లో ఒక చిన్న గుడ్డ పొట్లం ఉండేది. అందులో సూదులు, దారం, గుండీలు. తల్లో, భార్యో, చెల్లెలో కుట్టి ఇచ్చేది. దాని పేరేమిటనుకున్నారు? ‘హౌస్‌వైఫ్’, అంటే ఇల్లాలు! అసలు ఇల్లాలు వెంట రాదు గనక, చిరిగిన చొక్కాకి అతుకు వేసుకోవడం అతగాడే నేర్చుకోవాలి.

వంటా అంతే. ఉత్తరాది సైనికుడి ముఖ్యాహారం ‘హార్డ్‌టాక్’. పిండీ నీళ్లూ కలిపి కాల్చిన చదరపు బిస్కట్టు. పళ్లకు లొంగేది కాదు. తుపాకి మడమతో పగలగొట్టి, వేడి కాఫీలో నానేసేవారు. పురుగులు పైకి తేలితే తీసిపారేసి తాగేవారు. బియ్యంలో పురుగు కనిపిస్తే మనం చేట పట్టుకుని ఎండలోకి వెళతాం. పాపం, వాళ్లకంత తీరికేదీ?

రోజూ యుద్ధమే అనుకోకండి. ఎక్కువ రోజులు బాకా మోగగానే లేవడం, కవాతు, కట్టెలూ నీళ్లూ మొయ్యడం, మళ్లీ కవాతు, కాపలా. తూటాలకంటే విరేచనాలూ టైఫాయిడ్ లాంటి జబ్బులే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి. పోయినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులమంది రోగాలవల్లనే పోయారు.

కాస్త తీరిక దొరికితే ఉత్తరాలు రాసేవారు. ఉత్తరాది సైనికుల్లో చాలామందికి చదువు వచ్చు. బిళ్ల అంటించకుండా పంపినా సరే, డబ్బులు అందుకున్నవాళ్లే కట్టేవారు. ఉత్తరాలు విప్పి చదివే అధికారి లేడు గనక మనసులో మాట దాచుకోకుండా రాశారు. దేశం రెండు ముక్కలు కాకూడదనే వచ్చామని మొదట్లో చాలామంది మాట. బానిసలకోసం మేమెందుకు చావాలని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. దక్షిణాదిలోకి నడిచి, బానిసల బతుకు కళ్లారా చూశాక, అందరూ కాకపోయినా చాలామంది మనసు మార్చుకున్నారు.

1863 నుంచి నల్లవారినీ పెద్ద సంఖ్యలో సైన్యంలో చేర్చుకున్నారు. యుద్ధం ముగిసేసరికి వారు సుమారు 1,80,000 మంది. తెల్ల సైనికుడి జీతం నెలకు 13 డాలర్లు. నల్లవాడికి 10, అందులో బట్టల కింద 3 కోత! మసాచుసెట్స్ 54వ దళంవారు ఆ జీతం ముట్టుకోమన్నారు. తేడా మేమిస్తామని వాళ్ల రాష్ట్రం ముందుకొచ్చినా ఒప్పుకోలేదు. ఏడాదికి పైగా అలాగే పోరాడారు. ఇక్కడ అతను మాట మీద నిలబడితే, అక్కడ ఇల్లు గడపవలసింది ఆవిడ. చివరికి 1864 జూన్‌లో అమెరికన్ కాంగ్రెస్ సమాన జీతానికి చట్టం చేసింది.

ఆ నవంబరులోనే అధ్యక్షుడి ఎన్నిక వచ్చింది. లింకన్‌కు పోటీగా నిలబడ్డవాడు మెక్లెల్లన్. ఒకప్పుడు సైనికులు ఎంతో అభిమానించిన సేనాపతి. పోరు ఆపి సంధి మాట్లాడాలన్నది ఆయన పార్టీ ప్రకటన. ఆయన గెలిస్తే త్వరగా ఇల్లు చేరవచ్చని ఎవరికైనా ఆశ పుడుతుంది కదా! చాలా రాష్ట్రాలు శిబిరాల్లోనే ఓటు వెయ్యనిచ్చాయి. సైనికుల ఓట్లు లెక్కపెడితే సుమారు 78 శాతం లింకన్‌కే పడ్డాయి. ఇంటిమీద బెంగతో పేజీలు నింపినవాళ్లే, పని సగంలో వదిలేసి రామన్నారు.

ఆ తీర్పుకి ఇంకో చలికాలం ఎదురుచూసింది ఇంటి దగ్గరి ఆడవాళ్లు. ఆ తీర్పులో వాళ్లకు ఓటు లేదు. దేశమంతటా స్త్రీలకు ఓటు హక్కునిస్తూ రాజ్యాంగాన్ని సవరించింది 1920లో. సంచిలో ‘ఇల్లాలిని’ కుట్టి పెట్టిన చేతుల్లో ఎన్ని ఆ రోజు చూశాయో!