పట్టిక నుంచి పట్టాల దాకా

ఖైరతాబాద్ కూడలిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య విగ్రహం ఉంది. దగ్గర్లోని ఇంజినీర్ల సంస్థ భవనానికీ ఆయన పేరే. వినాయక చవితి రోజుల్లో బడా గణేశుణ్ణి చూడ్డానికి లక్షల మంది ఆ దారినే పోతారు గానీ, ఈ తలపాగా పెద్దమనిషి వైపు తలెత్తి చూసేవాళ్లు తక్కువ. 1908లో మూసీ ఊరిని ముంచేశాక నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించిందనీ, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల వెనక ఉన్నది ఆయన సలహాయేననీ హైదరాబాదీలు చెప్పుకుంటూనే ఉంటారు. అంతకు ఐదేళ్ల ముందు, 1903లో, ఆయన పేటెంటు తీసుకున్న తలుపుల మాట మాత్రం అంతగా వినపడదు. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో బిగించిన ఆ వరద తలుపులు, నీళ్లు ఒక మట్టం దాటగానే వాటంతటవే తెరుచుకునేవి. నీళ్లు తగ్గితే మళ్లీ మూసుకునేవి. కాపలా మనిషి లేడు, కరెంటు లేదు. ఇప్పటి లెక్కన అదీ ఒక కంట్రోలరే. దాని ప్రోగ్రాం ఇనుము ఆకారంలోనే ఉంది.

కంట్రోలర్ చిప్పులకు కోడ్ దానంతటదే తయారయ్యే పనిముట్ల చరిత్ర రాయాలంటే మామూలుగా అమెరికాతోనో ఫ్రాన్సుతోనో మొదలుపెడతారు. నేను ఖైరతాబాద్ రైల్వేస్టేషన్‌తో మొదలుపెడతాను. నాంపల్లి నుంచి బేగంపేట వైపు పోయే దారిలో ఉన్న చిన్న స్టేషన్ అది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు వచ్చాక కాస్త సందడి పెరిగింది. ఎందుకంటే రైలు సిగ్నళ్ల లోకంలో, కోడ్ అనే మాట పుట్టకముందే, పట్టిక చూసి యంత్రాన్ని తయారుచేసే పని మనుషులు చేస్తున్నారు.

పాతకాలపు కేబిన్లలో వరసగా లివర్లు ఉండేవి. ఫలానా సిగ్నల్ దించాలంటే ఫలానా పాయింటు ముందే సరిగ్గా పడి ఉండాలి, ఎదురు సిగ్నల్ కదలకూడదు. ఒక లివర్ లాగితే ఇంకో లివర్ బిగుసుకుపోవాలి. దీని పేరే ఇంటర్‌లాకింగ్. ఇంగ్లండులో జాన్ శాక్స్‌బీ 1856లో తీసుకున్న పేటెంటు దీనికి తొలిమెట్టు. ఏ లివర్ దేన్ని బంధిస్తుందో చెప్పే పట్టిక ఒకటి ముందు కాగితం మీద తయారయ్యేది. ఆ పట్టిక చూసి వర్క్‌షాప్ పనివాడు ఇనుప బద్దలకు గాట్లు పెట్టేవాడు. అంటే పట్టిక చదివి యంత్రం తయారుచేసినవాడు ఆ ఆకురాయి పట్టిన మనిషే.

తరవాత రిలేలు వచ్చాయి. ఇనుప గాట్ల స్థానంలో వైర్లు చేరాయి గానీ పట్టిక అలాగే మిగిలింది. సిగ్నల్ వాళ్లు దాన్ని సెలెక్షన్ టేబుల్ అంటారు. ఈ రూటుకి ఏ పాయింట్లు, ఏ ట్రాక్ సర్క్యూట్లు, ఏ సిగ్నల్, దేనితో విరోధం అన్నీ అడ్డగళ్లలో ఉంటాయి. మన రైల్వేల్లో రిలే గదికి రెండు తాళాలు. ఒక తాళంచెవి స్టేషన్ మాస్టర్ దగ్గర, రెండోది సిగ్నల్ సిబ్బంది దగ్గర. ఒక్కడే లోపలికి పోయి వైరు మార్చడానికి వీల్లేదు. ఈ రెండు తాళాల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఫ్యాక్టరీల్లోనూ ఇదే దారి. 1969 ప్రాంతంలో డిక్ మోర్లీ బృందం మోడికాన్ 084 అనే కంట్రోలర్ తెచ్చినప్పుడు దానికి కొత్త భాషేదీ పెట్టలేదు. ఎలక్ట్రీషియన్లు అప్పటికే గీస్తున్న రిలే బొమ్మనే, నిచ్చెనలా ఉండే లాడర్ డయాగ్రామ్‌నే, ప్రోగ్రాంగా తీసుకుంది. బొమ్మ గీయగలిగినవాడు ప్రోగ్రాం రాసినట్టే. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే తెలివైన అడుగు ఇదే, కానీ పాఠ్యపుస్తకాలు దీన్ని రెండు వాక్యాల్లో తేల్చేస్తాయి. అదే 1969లో హైదరాబాద్ ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 బయటికొచ్చింది. ట్రాంబేలో రూపకల్పన చేసి, ఇక్కడ తయారుచేసిన 12 బిట్ల కంప్యూటర్ అది. అయ్యగారి సాంబశివరావు పెంచిన ఆ సంస్థ అణు రియాక్టర్ల కంట్రోల్ పరికరాలు కూడా చేసేది. ఊరికి కంట్రోల్ ఎలక్ట్రానిక్స్ ఒంటబట్టింది అక్కడే.

ఆటోమేటిక్ అనే మాట గురించి ఒక పక్కమాట. 1957లో ఫోర్ట్రాన్ వచ్చినప్పుడు దాన్ని తయారుచేసినవాళ్లు ఆటోమేటిక్ కోడింగ్ సిస్టమ్ అనే పిలిచారు. ఫార్ములా రాస్తే మెషీన్ కోడ్ పుడుతుంది కదా, ఇంకేం కావాలి అనుకున్నారు. ఇప్పుడు ఫోర్ట్రాన్ రాసేవాణ్ణి చేత్తో రాసేవాడంటాం. ఏ తరానికి ఆ తరం తన కిందిమెట్టునే ఆటోమేటిక్ అంటుంది.

1980లలో కథ విమానాల్లోకి ఎక్కింది. ఇజ్రాయెల్ లావీ యుద్ధవిమానం మీద పనిచేస్తున్న ఇంజినీర్లకు సలహా ఇవ్వడానికి గణిత పండితుడు డేవిడ్ హరెల్ వెళ్లాడు. రాడార్ వాళ్లకు రాడార్ తెలుసు, ఆయుధాల వాళ్లకు ఆయుధాలు తెలుసు. ఫలానా పరిస్థితిలో పైలట్ ఫలానా బటన్ నొక్కితే విమానం ఏం చేస్తుందని అడిగితే మాత్రం తడుముకునేవాళ్లు. లావు లావు దస్తాలున్నాయి, జవాబు లేదు. ప్రతి స్థితినీ ఒక పెట్టెగా, మార్పుని బాణంగా గీసే స్టేట్‌చార్టులు అక్కడ పుట్టినవే. 1987లో వచ్చిన ఆయన వ్యాసం తరవాత అవి లోకమంతా పాకాయి. అదే కాలంలో ఫ్రాన్సులో గ్రనోబుల్ పరిశోధకులు పాల్ కాస్పీ, నికొలా ఆల్బ్‌వాక్స్ లుస్త్ర్ భాష తయారుచేశారు. కంట్రోల్ ఇంజినీర్లు గీసే బ్లాక్ బొమ్మలకు కచ్చితమైన అర్థం కట్టడమే దాని పని. ఎయిర్‌బస్ వాళ్ల సొంత పనిముట్టూ, అణుకేంద్రాల కోసం చేసిన మరో పనిముట్టూ ఈ దారిలోనే కలిసి స్కేడ్ అనే పనిముట్టుగా మారాయి. అమెరికాలో మ్యాథ్‌వర్క్స్ వాళ్ల బ్లాక్ బొమ్మల పనిముట్టు సిమ్యులింక్ 1990ల మొదట్లో వచ్చింది, దాని నుంచి సీ కోడ్ పుట్టించే పనిముట్లు ఆ దశాబ్దంలోనే వచ్చాయి. 1999లో జర్మనీ నుంచి డీస్పేస్ టార్గెట్‌లింక్ తోడైంది. ఆ తరవాత కార్ల కంపెనీలు ఆగలేదు.

ఇలాంటి పనిముట్టు ఏం చేస్తుందో దగ్గర నుంచి చూద్దాం. లెవెల్ క్రాసింగ్ గేటు అనుకోండి. నాలుగు పెట్టెలు గీస్తాం: తెరిచి ఉంది, మూసుకుంటోంది, మూసుకుంది, తెరుచుకుంటోంది. వాటి మధ్య బాణాలు. మూసుకుంటున్నప్పుడు ఇరవై సెకన్లలో కిందిదాకా రాకపోతే అలారం, సిగ్నల్ ఎరుపు. బటన్ నొక్కితే వందల లైన్ల సీ ఫైలు పడుతుంది. తెరిచి చూస్తే మనిషి రాసిన పోలిక ఉండదు. ఆర్‌టీబీ అండర్‌స్కోర్ సమ్, ఆర్‌టీబీ అండర్‌స్కోర్ స్విచ్ అని వేరియబుళ్ల పేర్లు, చివర స్టెప్ అనే ఫంక్షన్. ప్రతి ముక్క పైనా ఇది ఎస్3 లోని ఫలానా బ్లాకు నుంచి వచ్చిందని కామెంట్. అందం లేదు. కానీ బొమ్మలో ఏ పెట్టె ఏ లైనుగా మారిందో వేలు పెట్టి చూపించవచ్చు. ఆడిటర్‌కి కావలసింది అదే.

నేను కోడ్ రాసే రోజుల్లో ఓ కంపెనీలో జరిగింది చెబుతాను. ఓ మోటార్ కంట్రోలర్‌లో టైమర్ తప్పు దొరికింది. గడువు దగ్గరపడింది, బొమ్మ తెరిచే ఓపిక లేదు. పుట్టిన సీ ఫైల్లోనే రెండు లైన్లు చేత్తో దిద్ది పంపించాం. రెండు వారాల తరవాత ఇంకెవరో ఇంకేదో మార్పుకి బొమ్మ నుంచి కోడ్ మళ్లీ తీశారు. మా రెండు లైన్లు మాయం. పాత తప్పు చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. టెస్ట్ బెంచ్ మీద మోటార్ అడ్డంగా ఆగిపోయి కాయిల్ కాలిన వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. తిట్లన్నీ కోడ్ పుట్టించే జనరేటర్‌కి పడ్డాయి, పాపం అది చెప్పిన పని చేసింది.

అసలు పేచీ ఇక్కడే. కోడ్ రాసే మనిషిని నమ్మక్కర్లేదు సరే, కోడ్ రాసే పనిముట్టుని ఎలా నమ్మాలి? విమానాల సాఫ్ట్‌వేర్‌కి 1992లో వచ్చిన డీఓ-178బీ ప్రమాణం ఈ ప్రశ్నకు మొండిగా జవాబిచ్చింది. పుట్టిన కోడ్‌ని తనిఖీ చేయకుండా వదిలేయాలంటే, పుట్టించే పనిముట్టుని కూడా విమాన సాఫ్ట్‌వేర్‌తో సమానంగా పరీక్షించి తేవాలంది. స్కేడ్ వాళ్లు ఆ కష్టం పడ్డారు. రైల్వేలకు 2023 దాకా యూరప్ ప్రమాణం ఈఎన్ 50128. దాని 2011 కూర్పు పనిముట్లను మూడు తరగతులు చేసింది. రైల్లో నడిచే కోడ్‌లోకి నేరుగానో పరోక్షంగానో తన ఫలితం చేరే పనిముట్టేదైనా మూడో తరగతి, టీ3. దానికే కట్టడి ఎక్కువ. మన రైల్వేల పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్ఓ కూడా సిగ్నల్ పరికరాలకు ఈ ప్రమాణమే అడుగుతూ వచ్చింది. రిలే గది రెండు తాళాలు ఇప్పుడు కాగితాల్లోకి వచ్చాయన్నమాట.

ఈ కట్టడికి అందమైన ఉదాహరణ పారిస్‌ది. 1998 అక్టోబరులో మొదలైన మెట్రో పద్నాలుగో లైన్‌లో డ్రైవర్ లేడు. దాని భద్రతా సాఫ్ట్‌వేర్‌ని జాన్ రేమండ్ అబ్రియాల్ రూపొందించిన బీ పద్ధతిలో, గణిత నిరూపణలతో రాశారు. లక్షకు పైగా లైన్ల బీ వర్ణన నుంచి 86,000 లైన్ల ఆడా భాష కోడ్ పుట్టింది.

మన దగ్గర దీనికి సాటి కథ, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్. తొలి పేరు టీక్యాస్. 2012 ప్రాంతంలో పని మొదలైంది, 2016లో ప్రయాణికుల రైళ్ల మీద తొలి పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలో, లింగంపల్లి, వికారాబాద్, వాడి వైపు లైన్లోనే జరిగాయి. తొలి మూడు తయారీదారులూ, మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, హైదరాబాద్ వాళ్లే. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రిని ఎక్కించుకున్న ఇంజన్‌ని, ఎదురుగా ఉన్న మరో ఇంజన్‌కి 380 మీటర్ల దూరంలో కవచ్ దానంతటదే ఆపింది. ఇలాంటి వ్యవస్థల్లో అసలు ప్రోగ్రాం ఊరూరికీ మారదు. ఊరికో రకంగా మారేది డేటా: ఏ సిగ్నల్ ఎక్కడుంది, ఏ రేడియో టాగ్ ఏ స్లీపర్ మీద ఉంది, ఎత్తుపల్లాలు, వేగ పరిమితులు. శాక్స్‌బీ కాలంనాటి పట్టిక మళ్లీ వచ్చి కూర్చుంది, ఈసారి ఎక్సెల్ గళ్లలో.

ఎర్రలైన్ మెట్రో ఖైరతాబాద్ మీదుగా 2018 సెప్టెంబరు 24 నుంచి నడుస్తోంది. ఇక్కడెక్కితే మూడో స్టేషన్ అమీర్‌పేట. అక్కడి కోచింగ్ బోర్డుల్లో జావా పక్కన ఆటోసార్, మ్యాట్‌ల్యాబ్, మోడల్ బేస్డ్ డిజైన్ కనిపిస్తాయి. 2003లో కూటమి కట్టిన కార్ల కంపెనీలు తెచ్చిన ప్రమాణం ఆటోసార్‌లో ఇంజినీరు చేసేది ఎక్కువగా గళ్లు నింపడమే, మధ్యపొర సీ కోడ్ పనిముట్టే పుట్టిస్తుంది. గళ్లు నింపడం నేర్పడానికి మూడు నెలలు చాలు. ఏ గడిలో ఏది తప్పో పసిగట్టడానికి ఎన్నాళ్లు పడుతుందో ఏ బోర్డూ చెప్పదు. ఈమధ్య చాట్‌బాట్లూ సీ కోడ్ రాసిపెడుతున్నాయి. కానీ పాత జనరేటర్‌కి ఒకే బొమ్మ ఇస్తే వందసార్లూ అదే కోడ్ ఇస్తుంది. చాట్‌బాట్‌ని రెండోసారి అడిగితే ఇంకోలా రాయొచ్చు. టీ3 గడప దగ్గర అది ఇంకా చెప్పులు విడవలేదు.

2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహనగా బజార్‌లో రైళ్లు ఢీకొని 290 మందికి పైగా చనిపోయినప్పుడు, అక్కడ ఉన్నది ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగే. రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో తేలింది కోడ్ తప్పు కాదు. అంతకుముందు సిగ్నల్ సర్క్యూట్ మార్చినప్పుడూ, తరవాత గేటు పనులప్పుడూ జరిగిన లోపాలు. బొమ్మలో ఒకటుంది, పట్టాల పక్కన సిగ్నల్ వైర్లుండే చిన్న గదిలో, గుంటీలో, ఇంకొకటుంది. ఏ జనరేటరూ ఆ గుంటీ తలుపు తెరిచి చూడదు.

అందుకే ఒక స్టేషన్‌లో సిగ్నల్‌ని పది మీటర్లు జరిపితే, ఆఫీసులో ప్రోగ్రాంని ఎవరూ ముట్టుకోరు. పట్టికలో ఒక గడి మారుతుంది, డేటా ఫైలు మళ్లీ పుడుతుంది. ఆ తరవాత ఇద్దరు మనుషులు, ఒకరి చేతిలో కొలత చక్రం, ఒకరి చేతిలో పట్టిక ప్రింటు, ఎండలో పట్టాల వెంట నడుచుకుంటూ పోయి, ఆ పది మీటర్లు నిజంగా పది మీటర్లేనా అని చూసి వస్తారు.